ప్లేట్‌లెట్లు తక్కువున్న రోజుల్లో కదలాలా, పడుకోవాలా?

ప్లేట్‌లెట్లు అనే మాట మన బస్తీల్లో అందరికీ తెలిసింది డెంగ్యూ వల్లనే. వానాకాలం వచ్చిందంటే ఏ గల్లీలో చూసినా ఎవరో ఒకరికి ప్లేట్‌లెట్లు పడిపోయాయని, బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారని, బ్లడ్‌బ్యాంకుకు పరుగెత్తారని వింటాం. వారం పది రోజుల్లో అవి వాటంతటవే పెరుగుతాయి, మనిషి లేచి తిరుగుతాడు. ఆ మాట మళ్లీ మరుసటి ఏడాది దాకా ఎవరికీ గుర్తుకు రాదు.

స్టెమ్‌సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న వారి సంగతి అలా కాదు. వారికి ప్లేట్‌లెట్లు వారాల తరబడి, కొందరికి నెలల తరబడి తక్కువగానే ఉంటాయి. అన్నాళ్లూ ఆ మనిషి మంచం మీదే ఉండాలా, లేచి నడవాలా, నడిస్తే ఎంత నడవాలి? దాతల సాయంతో చికిత్స పూర్తి చేసుకుని ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మేము డాక్టర్లం కాము. డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు చెప్పేదాన్ని పాతబస్తీ ఇళ్లకు, మన అలవాట్లకు అన్వయించి ఇక్కడ రాస్తున్నాం. ఆపరేషన్ ఖర్చుకు చెయ్యి అందించిన మీకు, ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో కూడా తెలియాలని మా ఉద్దేశం.

మార్పిడి అనగానే చాలామంది కిడ్నీ మార్పిడిలాగా కోసి కుట్టే ఆపరేషన్ అనుకుంటారు. నిజానికి ఇందులో కోత ఉండదు. రక్తకణాలన్నీ పుట్టేది ఎముకల లోపలి మజ్జలో. బ్లడ్ క్యాన్సర్, తలసీమియా, అప్లాస్టిక్ అనీమియా వంటి జబ్బుల్లో ఆ మజ్జే చెడిపోయి ఉంటుంది. బలమైన కీమోథెరపీతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో పాత మజ్జను ఖాళీ చేస్తారు. ఆ తర్వాత అన్నదో చెల్లెలిదో, లేదా జత కుదిరిన బయటి దాతదో మూలకణాలను రక్తం ఎక్కించినట్టే సెలైన్ గొట్టం ద్వారా ఎక్కిస్తారు. కొన్ని జబ్బుల్లో రోగి సొంత కణాలనే ముందుగా తీసి దాచి తిరిగి ఎక్కిస్తారు. మన దేశంలో ఈ చికిత్స 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనే నిమ్స్‌లోనూ, పలు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ జరుగుతోంది. తలసీమియా పిల్లలున్న ఇళ్లకు శివరాంపల్లిలోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ గురించి వేరే చెప్పనక్కరలేదు. 1998లో పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి పెట్టుకున్న సంస్థ అది.

ఎక్కించిన కణాలు ఎముకల్లోకి చేరి పని మొదలుపెట్టడానికి టైం పడుతుంది. ముందుగా, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో, తెల్లరక్తకణాలు వస్తాయి. ప్లేట్‌లెట్లు వెనకబడతాయి. డెంగ్యూలో ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంటుంది, సరుకు తాత్కాలికంగా తగ్గుతుందంతే. ఇక్కడ పాత ఫ్యాక్టరీని మూసేసి కొత్తది కడుతున్నారు. మధ్యలో వైరస్ సోకినా, వేసుకునే మందులు పడకపోయినా, దాత కణాలు రోగి శరీరంతో గొడవపడినా లెక్క మళ్లీ పడిపోతుంది. ఆ గొడవను అదుపులో పెట్టడానికి ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపించిన కాలంలో తయారైన మందు అది. తెలుగువారిగా అది తెలుసుకుని సంతోషించదగిన విషయం.

ఇక ఇంటి సంగతి. రోగి డిశ్చార్జి అయి వచ్చాడు. చేతిలో సీబీపీ రిపోర్టు, అందులో ప్లేట్‌లెట్లు ముప్పై వేలో నలభై వేలో. ఆరోగ్యవంతుడికి ఒక మైక్రోలీటరు రక్తంలో 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటాయని డాక్టరు చెప్పిన మాట అందరికీ గుర్తుంటుంది. దాంతో ఇల్లంతా భయం. అమ్మీ మంచం దిగనివ్వదు, అన్నం నోటికే అందిస్తుంది. తమ్ముడు బాత్‌రూం దాకా ఎత్తుకెళతాడు. చూడటానికి వచ్చిన చుట్టాలు కూడా పడుకోమనే చెబుతారు. ఇదంతా ప్రేమే. కానీ మనిషిని లేవలేని స్థితికి తెచ్చేది కూడా ఇదే.

మంచం మీద ఉన్న శరీరంలో మొదట కరిగేది తొడల కండ. దానికి తోడు దాత కణాల గొడవకు స్టెరాయిడ్ మందులు వాడితే అవి కూడా తొడలు, భుజాల కండల్నే బలహీనం చేస్తాయి. నెల తిరిగేసరికి నేల మీద కూర్చున్న మనిషి సొంతంగా లేవలేడు. ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోక న్యుమోనియాకు దారి తీయొచ్చు. ఆకలి చస్తుంది, నిద్ర చెడుతుంది, మనసు కుంగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బలహీనమైన కాళ్లు తడబడతాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి అసలు ప్రమాదం కింద పడటం. పడకూడదని పడుకోబెట్టామనుకుంటాం. ఆ పడుకోబెట్టడమే తర్వాత అతన్ని పడేస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1997లో జర్మనీలోని ఫ్రైబర్గ్ డాక్టర్లు 70 మంది రోగుల మీద ఒక అధ్యయనం చేశారు. వారంతా పెద్ద మోతాదు కీమోథెరపీ తర్వాత సొంత మూలకణాలు ఎక్కించుకున్నవారు. అందులో ఒక గుంపు చేత ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ, మంచం మీద పడుకునే తొక్కే సైకిల్ యంత్రంతో వ్యాయామం చేయించారు. ఒక నిమిషం తొక్కడం, ఒక నిమిషం ఆగడం, అలా రోజుకు అరగంట. తొక్కినవారు డిశ్చార్జి నాటికి తొక్కనివారి కంటే తక్కువ శక్తి కోల్పోయారు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్న రోజులు కూడా వారికి తక్కువే పడ్డాయి. ఆ తర్వాత చాలా దేశాల మార్పిడి వార్డుల్లో ఫిజియోథెరపిస్టు రోజువారీ మనిషైపోయాడు.

అలాగని వెంటనే లేచి పరుగెత్తమని కాదు. ప్లేట్‌లెట్ల పని రక్తనాళానికి పడ్డ చిన్న చిల్లును మూయడం. అవి లేనప్పుడు దెబ్బ తగిలితే చర్మం కింద రక్తం పరుచుకుంటుంది, తలకు తగిలితే లోపల కారుతుంది. దెబ్బ తగలకపోయినా, ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఒత్తిడి కంట్లో, మెదడులో ఉండే సన్నని నాళాల మీద పడుతుంది. అందుకే వ్యాయామం ఉండాలి, కానీ అది ఆ రోజు రిపోర్టును బట్టి ఉండాలి. నెల కిందటి రిపోర్టు చూసి ఈ రోజు పని నిర్ణయించకూడదు.

ఆసుపత్రి ఆసుపత్రికి కొంచెం తేడా ఉన్నా, ఎక్కువమంది పాటించే లెక్క ఇలా ఉంటుంది. 10,000 కంటే తక్కువుంటే చాలాసార్లు ఆ రోజే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు. అప్పటిదాకా తన పని తాను చేసుకోవడం, మంచం మీద చేతులు, పాదాలు మెల్లగా ఆడించడం, లోతుగా ఊపిరి తీసుకోవడం వరకే. డాక్టరు ఒప్పుకుంటే ఒకరు పక్కనుండగా గదిలో నాలుగడుగులు వేయొచ్చు. 10,000 నుంచి 20,000 మధ్య కుర్చీలో కూర్చుని కాళ్లు చాపి ముడవడం, గదిలో, వరండాలో మెల్లగా నడవడం చేయొచ్చు. బరువులు మాత్రం ముట్టకూడదు. 20,000 దాటితే నడక పెంచొచ్చు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు చేయొచ్చు, లీటరు నీళ్ల సీసా లాంటి తేలిక బరువుతో చేతుల కసరత్తు మొదలుపెట్టొచ్చు, కదలని సైకిల్‌ను బిగుతు లేకుండా తొక్కొచ్చు. 50,000 దాటాక బరువులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు. దెబ్బలు తగిలే ఆటలు మాత్రం డాక్టరు సరే అనేదాకా వద్దు. ఏ మెట్టు మీదున్నా ఒక కొలత అందరికీ పనికొస్తుంది. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, బలం పెట్టేటప్పుడు నోటితో వదలాలి.

ఈ లెక్కలు చదవడానికి తేలికే. కానీ డాక్టరు వ్యాయామం అన్నప్పుడు మన ఇళ్లలో జిమ్ గుర్తుకొస్తుంది, ఇంటి పని ఎవరికీ గుర్తు రాదు. నీళ్లు నిండిన బకెట్ ఎత్తడం, తడి దుప్పటి పిండడం, పదిమందికి రొట్టెల పిండి పిసకడం, రెండేళ్ల పిల్లాణ్ణి చంకనెత్తుకోవడం ఇవన్నీ బరువైన వ్యాయామాలే. మగవాడికి మంచం వదలొద్దనే ఇల్లే, కోడలికి మార్పిడి జరిగితే నెలా రెండు నెలలకు వంటింట్లోకి పిలవడం మేము చూస్తుంటాం. 20,000 ప్లేట్‌లెట్లతో బకెట్ మోస్తున్న ఆమెకు కూడా పై లెక్కే వర్తిస్తుంది. కూరగాయల కత్తి, రోకలి సంగతి సరేసరి. కూర్చుని బట్టలు మడతపెట్టడం, బియ్యం ఏరడం లాంటివి ఆమెకు మంచి పనులు. ఏరేటప్పుడు దుమ్ము లేకుండా చూడాలి.

పాతబస్తీ ఇల్లు కూడా రోగికి ఒక పరీక్షే. సన్నని నిటారు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, పైన గది, కింద బాత్‌రూం. మెట్లు ఎక్కడం మంచి వ్యాయామమే, తొడలకు దానికి మించింది లేదు. కానీ 20,000 లోపు ఉన్న రోజుల్లో ఒంటరిగా ఎక్కనివ్వొద్దు. కొన్నాళ్లకు పడక కిందికి మార్చుకోవడం మేలు. తడి వాకిలి, వజూ చేసే చోట నాచు, గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప, నేల మీద మడతపడిన చాప ఇవి చూసుకోవాలి. రాత్రి చీకట్లో లేవకుండా చిన్న బల్బు వెలగనివ్వాలి. ఇండియన్ లెట్రిన్‌లో గొంతుకు కూర్చుని లేవడానికి తొడల బలమంతా కావాలి. మలబద్ధకం ఉంటే ముక్కడం కూడా ఊపిరి బిగబట్టి బరువు ఎత్తడం లాంటిదే. కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చిపెట్టి, మలబద్ధకానికి మందు అడిగి రాయించుకుంటే రెండు ప్రమాదాలు ఒకేసారి తప్పుతాయి.

నమాజు గురించి చాలామంది మొహమాటపడి డాక్టరును అడగరు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నప్పుడు తలను గుండె కంటే కిందికి వంచే వ్యాయామాలు వద్దంటారు. సజ్దాలో తల ఉండే తీరు అదే. పైగా సజ్దా నుంచి నిలబడేటప్పుడు రక్తహీనత ఉన్నవారికి కళ్లు తిరుగుతాయి. నిలబడలేని రోగి కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని, రుకూ సజ్దాలను సైగతో చేయడానికి షరీఅత్‌లో సడలింపు ఉంది. ఆ సడలింపు ఇలాంటి రోజుల కోసమే. లెక్క పెరిగి, కాళ్లకు బలం వచ్చాక డాక్టరును అడిగి ముసల్లా మీదికి రావచ్చు. అలా వచ్చిన రోజున ఆ మనిషి ముఖం చూస్తే, ఫిజియోథెరపీ ఎందుకో ఎవరికీ వివరించాల్సిన పని ఉండదు. మెడ దగ్గరో చేతికో సెంట్రల్ లైన్ గొట్టం ఉన్నవారు దాన్ని తడపకుండా వజూ ఎలా చేయాలో, తయమ్ముమ్ ఎప్పుడు చేయాలో అటు నర్సును, ఇటు మౌలానాను ఇద్దరినీ అడగడం మంచిది. మిస్వాక్ పుల్ల చిగుళ్లను గీరుతుంది కాబట్టి కొన్నాళ్లు మెత్తని బ్రష్ వాడాలి. హిజామా ఈ రోజుల్లో అసలు వద్దు. చర్మానికి గాటు పెట్టే ఏ వైద్యమైనా ఇప్పుడు రక్తస్రావానికి, ఇన్ఫెక్షన్‌కు రెండింటికీ దారి తీస్తుంది. బొప్పాయి ఆకు రసం వంటి పచ్చి రసాలు కూడా వీరికి పనికిరావు, క్రిములతో పోరాడే శక్తి వీరికి లేదు.

నడక ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. వరండా, డాబా, అపార్టుమెంటు కారిడార్ అన్నిటికంటే మేలు. బయటికి వెళ్లాలంటే తెల్లవారి జనం లేని వేళ, మాస్కుతో వెళ్లాలి. పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగ్ వైపు సాయంత్రపు రద్దీలోకి వద్దు. అక్కడ ఒక మోచేతి దెబ్బ చాలు. కూల్చివేతలు, తవ్వకాలు జరిగే చోట్లకు అసలే వెళ్లొద్దు. దారుల్ షిఫా వైపు మెట్రో కోసం ఇళ్లు కూల్చినప్పుడు లేచినలాంటి దుమ్ము మనకు తుమ్ములు తెప్పించి వదిలేస్తుంది. పాత గోడల దుమ్ములో ఉండే బూజు మార్పిడి జరిగినవారి ఊపిరితిత్తుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. దారుల్ షిఫా అంటే స్వస్థత ఇచ్చే ఇల్లు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆసుపత్రి పేరే ఆ మొహల్లాకు మిగిలింది.

పిల్లల విషయంలో ఇబ్బంది తిరగబడుతుంది. పెద్దవాళ్లను లేపాలి, పిల్లల్ని ఆపాలి. తలసీమియా బాబుకు ఒంట్లో కాస్త బాగనిపించగానే గల్లీ క్రికెట్‌కు పరుగెత్తుతాడు, సంక్రాంతి రోజుల్లో డాబా ఎక్కి పతంగి అందుకుంటాడు. మాంజా కోత, డాబా అంచు, గట్టి బంతి మూడూ ప్రమాదమే. కొందరు పిల్లలకు ప్లీహం పెరిగి ఉంటుంది, కడుపుకు దెబ్బ తగిలితే అది చిట్లవచ్చు. ఊరికే వద్దంటే పిల్లలు వినరు. మెత్తని బంతితో ఇంట్లో విసురుకునే ఆట, పాటకు అడుగులు వేయడం, బెలూన్‌ను కింద పడకుండా ఆపడం లాంటివి వారికి వ్యాయామమే. అరగంట కూర్చుని ఆడించే మనిషి ఇంట్లో ఒకరుండాలి.

వ్యాయామం ఆ రోజుకు ఆపేయాల్సిన గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలియాలి. కాళ్ల మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు కొత్తగా కనబడటం, ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా నల్లబడిన కమిలిన మచ్చలు, ఛాతీలో నొప్పి, గుండెదడ ఉంటే ఆపి డాక్టరుకు ఫోను చేయాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే వ్యాయామం మాటే వద్దు, ఏ వేళైనా ఆసుపత్రికి చెప్పాలి. భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, నల్లటి మలం, తల నేలకు తగలడం, వీటిలో ఏదున్నా ఫోను కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకే. పడ్డాక బాగానే ఉన్నాడు కదా అని తెల్లవారేదాకా ఆగొద్దు, తల లోపలి రక్తస్రావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడుతుంది. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో దొరికే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ బిళ్లలు ఉన్న కాసిని ప్లేట్‌లెట్లను కూడా పనిచేయనివ్వవు. ఏ బిళ్లయినా డాక్టరును అడిగాకే.

ఇప్పుడు డబ్బు సంగతి దాపరికం లేకుండా చెప్పుకుందాం. మార్పిడికి సాయం చేయండంటే విరాళాలు వస్తాయి. తలసీమియా పిల్లలకు కోల్ ఇండియా సంస్థ 2017లో మొదలుపెట్టిన బాల్ సేవా యోజన నుంచి ఎంపికైన ఆసుపత్రుల్లో 10 లక్షల రూపాయల దాకా అందుతుంది. పెద్ద ఖర్చుకు ఏదో ఒక దారి కనబడుతుంది. ఇంటికొచ్చిన తర్వాతి నెలల ఖర్చు చిన్నది, అందుకే అది ఎవరి కంటికీ ఆనదు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు సీబీపీ, బస్సెక్కకూడదు కాబట్టి ప్రతిసారీ ఆటో, చేతులున్న గట్టి కుర్చీ, కమోడ్ కుర్చీ, గోడకు రెండు స్టీలు కమ్మీలు, థర్మామీటరు, ఫిజియోథెరపిస్టు నాలుగైదుసార్లు ఇంటికి రావడం. రోజుకూలి మీద బతికే ఇంట్లో ఇవన్నీ వాయిదా పడతాయి. పరీక్ష వాయిదా పడితే ఆ రోజు ఎంత నడవొచ్చో చెప్పే లెక్కే చేతిలో ఉండదు. మా అభిప్రాయంలో, ఒక మార్పిడికి డబ్బిచ్చే దాత ఆ రోగి తర్వాతి ఆరు నెలలకు కూడా కొంత విడిగా పక్కన పెట్టడం న్యాయం. లేకపోతే లక్షలు పోసి కొన్న కొత్త మజ్జ, జారుడు బాత్‌రూం దగ్గర పోతుంది.

డబ్బుతో కొనలేనిది ప్లేట్‌లెట్లే. ఒంట్లో ఒక ప్లేట్‌లెట్ బతికేది ఎనిమిది నుంచి పది రోజులు. దాత నుంచి తీశాక 20 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ వేడిలో మెల్లగా ఊపుతూ ఉంచినా మన బ్లడ్‌బ్యాంకుల్లో ఐదు రోజులే నిలవ ఉంటాయి. కాబట్టి ముందే కూడబెట్టి పెట్టుకునే వీలు లేదు, మనుషులే సిద్ధంగా ఉండాలి. రమజాన్ పగళ్లలో దాతలు దొరకడం కష్టం, ఇఫ్తార్ తర్వాత వచ్చేవారి పేర్లు ముందే రాసిపెట్టుకోవాలి. యంత్రం ద్వారా ఇచ్చే పద్ధతిలో రక్తం ఒక గొట్టం నుంచి వెళ్లి, ప్లేట్‌లెట్లు విడిపోయి, మిగిలినది తిరిగి దాత ఒంట్లోకే వస్తుంది. గంట నుంచి రెండు గంటలు పడుతుంది. 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు, అయితే వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకూడదు. రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మార్పిడికి ముందు తొందరపడి అతనికి రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వకూడదు. రేపు మూలకణాలు ఇవ్వాల్సింది వారే కావచ్చు, ముందే వారి రక్తం ఎక్కితే రోగి శరీరం ఆ కణాలను తిప్పికొట్టే ప్రమాదం ఉంది. ఆ సమయంలో కావలసింది బయటివారు, అంటే మనం. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, 50 కిలోలకు పైగా బరువు, మంచి ఆరోగ్యం ఉన్నవారు ముందుకు రావచ్చు. గడిచిన మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉంటే ఆ సంగతి బ్లడ్‌బ్యాంకులో ముందే చెప్పండి, వేరే రోజు రమ్మంటారు.